థండర్‌బర్డ్ ఊపిరి

అచ్యుతాపురం జంక్షన్లో తెల్లచొక్కా వేసుకుని అరగంట నిలబడితే చాలు, అక్కడి గాలి ఎలాంటిదో కాలరే చెప్పేస్తుంది. సెజ్‌కి సరుకు మోసే కంటైనర్లు, కంకర టిప్పర్లు, షిఫ్టు బస్సులు, వాటి మధ్యలోంచి దూరే ఆటోలు... ఒకటి లేపిన దుమ్ము కిందికి దిగేలోపు ఇంకోటి లేపుతుంది. కాస్త దూరంలోనే పూడిమడక సముద్రం. గాలి అటునుంచి తిరిగిందంటే దుమ్ముకి ఉప్పు కూడా తోడవుతుంది.

అలాంటి రోడ్డు మీద రోజూ తిరిగే ఓ థండర్‌బర్డ్ బండికి ఎయిర్ ఫిల్టర్ ఎంచుకోవడం మూడు నెలల వ్యవహారమైంది. నవ్వకండి. అంతకంటే త్వరగా పెళ్లి సంబంధాలు కుదిరిన ఇళ్లున్నాయి!

బండి యజమానికి ముప్ఫై రెండేళ్లు. సెజ్‌లోని ఓ బట్టల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్. భార్య అదే ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 నాటి మోడలు బండిని అతను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 346 సీసీల ఇంజిను, వెనక్కి వంగిన పొడుగాటి హ్యాండిలు, కుర్చీలో కూర్చున్నట్టుండే సీటు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 2020లో థండర్‌బర్డ్‌ని ఆపేసి, దాని స్థానంలో మీటియర్ తెచ్చింది. దాంతో ఉన్న బండి మీద అతనికి ప్రేమ ఇంకో రెండు పాళ్లు పెరిగింది. ఇంట్లో టీవీకి దుమ్ము పట్టినా పట్టించుకోడు కానీ బండి ట్యాంకు మాత్రం రోజూ తుడవాల్సిందే.

చీటీ డబ్బుల్లో ఆరువేలు మిగిలాయి. అదీ కథకి మొదలు.

వైజాగ్ నుంచి వచ్చిన స్నేహితుడి బండికి సైడ్ ప్యానెల్ తీసేసి, లోపలి డబ్బా పీకేసి, కార్బురేటర్‌కి నేరుగా కోన్ ఆకారంలో ఎర్రటి ఫిల్టర్ బిగించి ఉంది. యాక్సిలరేటర్ తిప్పగానే ఇంజిను గాలి పీల్చుకునే చప్పుడు బయటికే వినిపిస్తోంది. సైలెన్సర్ మోత వేరు. ఇది లోపలికి లాక్కునే చప్పుడు, పెద్ద జంతువేదో నిద్రలో ఊపిరి తీసినట్టు ఉంటుంది. అతని మనసు అక్కడే పడిపోయింది. 'పికప్పు కూడా పెరిగింది గురూ' అని స్నేహితుడు ఓ మాట చేర్చాడు. బండికి ఏదైనా కొత్తది బిగించినవాడు అలా అనకుండా ఉండటం ఎక్కడా జరగదనుకోండి.

అసలు ఇంజినుకి అంత గాలి దేనికి? ఒక లెక్క చూద్దాం. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక పాలు పెట్రోలుకి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలు కాలిపోయేలోపు దాదాపు తొమ్మిదివేల లీటర్ల గాలి ఇంజినులోకి వెళ్తుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. ఈ లెక్కన బండి ఒక లీటరు పెట్రోలుకి లాగే గాలి మనిషికి పగలూ రాత్రీ కలిపి దాదాపు ఒక రోజుకి సరిపోతుంది. ఆ గాలితోపాటు రోడ్డు మీది దుమ్మూ బయల్దేరుతుంది. ఆ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది. అది ఇనుప సిలిండర్ గోడకంటే గట్టిది. మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలోనైతే గార్నెట్ కూడా ఉంటుంది. అరగదీసే కాగితాల తయారీలో వాడేది దాన్నే. పెద్ద రేణువుల్ని ఏ ఫిల్టరైనా ఆపుతుంది. కంటికి కనబడని సన్నటి పొడితోనే చిక్కు. అది లోపలికి చేరి నూనెతో కలిసిందంటే పిస్టన్ రింగులకీ సిలిండర్‌కీ మధ్య గరుకు పేస్టులా పనిచేస్తుంది. ఆ నష్టం ఒక్కరోజులో తెలియదు. రెండేళ్ల తర్వాత సైలెన్సర్లోంచి నీలం పొగ వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇదంతా అతనికి కొత్తేం కాదు. ఫ్యాక్టరీలో పెద్ద ఎయిర్ కంప్రెషర్లు చూసేది అతనే. వాటికీ గాలి పీల్చే చోట ఫిల్టర్లుంటాయి. వాటిని ఎప్పుడు మార్చాలో గేజి చూసి చెప్పేదీ, ఆలస్యమైతే సూపర్‌వైజర్‌తో గొడవ పడేదీ అతనే. 'కంప్రెషర్ మోత బాగుండాలి, ఫిల్టర్ తీసేద్దాం' అని ఎవరన్నా అంటే ఆ మనిషిని గేటు బయటికి పంపిస్తాడు. మరి అదే మనిషి సాయంత్రం బండెక్కాక ఎందుకు మారిపోతాడు? ఫ్యాక్టరీ కంప్రెషర్ని ఎవరూ ప్రేమించరు కాబట్టి అనుకోవాలి.

అమెరికాలో ఈ పిచ్చికి పెద్ద చరిత్రే ఉంది. హార్లే డేవిడ్‌సన్ బళ్లకి కుడిపక్కన ఎయిర్ క్లీనర్ బయటికి పొడుచుకొచ్చి, చొక్కా మీద పతకంలా కనిపిస్తుంది. దాన్ని మార్చడం అక్కడి క్రూజర్ యజమానులకి తొలి ముచ్చట. నూనె పట్టించిన నూలు గుడ్డతో కే అండ్ ఎన్ లాంటి కంపెనీలు చేసే ఫిల్టర్లు అలాగే పేరు తెచ్చుకున్నాయి. కాకపోతే వాళ్లు 'స్టేజ్ వన్' అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. గాలి లోపలికెళ్లే దారి, పొగ బయటికొచ్చే దారి, పెట్రోలు మోతాదు... మూడూ కలిపి మార్చాలి. అచ్యుతాపురం దాకా వచ్చేసరికి మూడింట్లో మొదటిదొక్కటే మిగిలింది. తక్కిన రెండూ దారిలో ఎక్కడో జారిపోయాయి.

గాజువాక మేస్త్రీ ఈ సంగతే తన భాషలో చెప్పాడు. ఎన్‌ఫీల్డ్ బళ్లు విప్పీ బిగించీ చేతిగోళ్లు నల్లబడిపోయిన మనిషి.

"డబ్బా తీస్తే గాలి ఎక్కువెళ్తాది తమ్ముడూ, కాదన్ను. పెట్రోలు ఎవరు పోస్తారు? జెట్టు మార్చాలి. ప్లగ్గు తీసి రంగు చూడాలి. కాఫీ రంగుంటే సరే. తెల్లబడిందంటే ఇంజిను ఉడికిపోతన్నట్టే."

ఆ డబ్బా ఊరికే పెట్టలేదని కూడా చెప్పాడు. ఈ కార్బురేటర్‌లో స్లైడు లేచేది లోపలి పీడనాల తేడాతో. అందుకు కదలిక లేని గాలి కావాలి. ఆ నిదానమైన గాలిని నిలవుంచే గదే ఎయిర్ బాక్సు. దాన్ని పీకి ఫిల్టర్‌ని ఆరుబయట పెడితే పక్కనుంచి లారీ దూసుకుపోయినా, వానజల్లు కొట్టినా ఇంజిను తడబడొచ్చు. పైగా అది ఇంజిను పక్కనే ఉంటుంది కాబట్టి వేడిగాలినే పీలుస్తుంది. వేడిగాలి పల్చన. కొత్త బళ్లలో పెట్రోలు మోతాదుని కంప్యూటరే చూసుకుంటుంది, దానికీ ఒక హద్దుంది. అది దాటితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుంది. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. డబ్బా లోపల ఫిల్టర్ మార్చుకుంటే ఆ బెడద లేదు.

ఇంత విన్నాక కూడా అతని చెవుల్లో ఆ చప్పుడు పోలేదు. 'ఓ వారం పెట్టి చూస్తాను మేస్త్రీ' అన్నాడు. మేస్త్రీ షాపులో మూలన పడున్న, పేరూ ఊరూ లేని కోన్ ఫిల్టరొకటి అరువిచ్చాడు. జెట్టు కూడా ఒక సైజు పెంచాడు.

ఆ వారం బాగుంది. నిజం ఒప్పుకోవాలి కదా! పూడిమడక రోడ్డులో ఆదివారం సాయంత్రం, ముందు లారీ లేనప్పుడు, మూడో గేర్లో ఆ చప్పుడు వింటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. పికప్పు సంగతంటారా... కొండకర్ల ఆవ వైపు రోజూ ఎక్కే ఎత్తులోనే చూశాడు. ఎప్పుడూ ఎక్కే గేర్లోనే, ఎప్పుడూ ఎక్కే వేగంతోనే ఎక్కింది.

అతనిలోని కంప్రెషర్ మనిషి మాత్రం ఊరుకోలేదు. ఫిల్టర్ పెట్టేముందు కార్బురేటర్ నోటి లోపలి అంచున వేలితో పల్చగా గ్రీజు రాశాడు. ఫిల్టర్ దాటి దుమ్ము వస్తే అక్కడ అంటుకోవాలి. ఫ్యాక్టరీలో చేసే పరీక్షే. వారం తర్వాత తెల్లగుడ్డ పీలికతో తుడిచి చూస్తే ఎర్రమట్టి రంగులో సన్నటి చార. అంతకు రెట్టింపు దిగుల్ని అతని మొహంలో చూసింది భార్య.

తర్వాతి వారం పాత జెట్టుతో, డబ్బాలో కంపెనీ కాగితపు ఫిల్టర్ కొత్తది వేశాడు. అదే రోడ్డు, అదే గ్రీజు, అదే గుడ్డ. ఈసారి గుడ్డకి గ్రీజు మరక తప్ప ఏమీ అంటలేదు.

రెండు పీలికలూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మంచి కంపెనీ నూలు ఫిల్టరైతే, నూనె సరిగ్గా పట్టిస్తే ఇంతలా ఉండకపోవచ్చు. కానీ దాన్ని కడగాలి, ఆరబెట్టాలి, సమంగా నూనె పట్టించాలి. నూనె తక్కువైతే దుమ్ము దాటుతుంది, ఎక్కువైతే గాలి ఆడదు. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పొద్దున్నే ఆ పని ఎన్నాళ్లు శ్రద్ధగా చేస్తాడు? తన గురించి తనకి తెలియనిదేముంది! కాగితపుదైతే తీసి పారేసి కొత్తది వేయడమే.

ఇంతలో భార్య షిఫ్టు బస్సు దిగి వచ్చింది. ఆ బస్సుల్లో వెళ్లే ఆడపిల్లలంతా చున్నీని ముక్కు మీదుగా చుట్టుకునే కూర్చుంటారు. కిటికీలోంచి కళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆమె చున్నీ విప్పి కిటికీ గట్టు మీద, ఆ రెండు పీలికల పక్కనే వేసింది. పొద్దున లేత గులాబీ రంగుది.

"బండికి రెండు వారాలు పరీక్షలు చేశావు. మరి మా బస్సుకేటి?" అంది.

అతను చున్నీ తీసి చూశాడు. ముక్కు తగిలేచోట గుండ్రంగా, కోన్ ఫిల్టర్ పీలిక మీదున్న రంగే ఉంది.

ఆ ఆదివారం కోన్ ఫిల్టర్ మేస్త్రీకి తిరిగిచ్చేశాడు. రెండు కాగితపు ఫిల్టర్లు, డబ్బా నుంచి కార్బురేటర్‌కి వచ్చే రబ్బరు గొట్టం, దాని బిగింపులు కొన్నాడు. పాత గొట్టానికి జుట్టంత పగులుంది. ఎంత మంచి ఫిల్టర్ వేసినా ఆ పగుల్లోంచి దొంగదారి ఉండనే ఉంటుంది. చప్పుడు మీద మోజుతో ఎవరూ చూడని చోటది. అన్నీ పోగా మిగిలిన డబ్బుతో ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చూసిన రకం దుమ్ము మాస్కులు ఓ డబ్బా కొన్నాడు. ఆమె అందులో సగం లైన్లో పక్క మిషను వాళ్లకి పంచేసింది.

సైడ్ ప్యానెల్ లోపలి వైపు ఇప్పుడు నల్ల మార్కరుతో తేదీ, కిలోమీటర్లు రాసి ఉంటాయి. కంపెనీ పుస్తకంలో చెప్పిన దూరంలో సగానికే మార్చేస్తున్నాడు. మొన్న విప్పిన ఫిల్టర్ని ఫ్యాక్టరీకి పట్టుకెళ్లి కొత్తగా చేరిన కుర్రాళ్లకి మడతలు విప్పి చూపించాడట. వాళ్లలో ఒకడు మాత్రం ఇంకో ప్రశ్న వేశాడు: "అన్నా, ఆ కోన్ ఫిల్టర్ చప్పుడు నిజంగా అంత బాగుంటాదేటి?"

బాగుంటుందనే చెప్పాడు.