చిల్లర కేసు

"ఎఫ్.ఐ.ఆర్. అంటే మీకే ఇబ్బంది మేడమ్. స్టేట్‌మెంటనీ, సాక్ష్యమనీ తిరగాలి. పెట్టీ కేసు రాసి కోర్టుకి పంపించేస్తాం. వాడికీ బుద్ధొస్తుంది, మీ పేరూ బయటికి రాదు" అన్నాడు స్టేషన్లో రైటరు. మర్యాదగానే అన్నాడు. నేను సరే అన్నాను.

ఆ 'సరే' ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పోయినేడాది వర్షాకాలం. కాలేజీ నుంచి వస్తూ బస్సు మారే స్టాపులో వరసగా మూడు సాయంత్రాలు ఒకడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, నాకు మాత్రమే వినబడేంత గొంతుతో నా ఒంటి గురించి మాట్లాడేవాడు. మూడోరోజు భుజం రాసుకుంటూ వెళ్లాడు. అరిచాను. స్టాపులో పదిహేను మందైనా ఉంటారు. కదిలింది మాత్రం పక్కన గోనెపట్టా మీద ఆకుకూరలమ్ముకునే ఆవిడ ఒక్కతే. తడిచేత్తో వాడి చొక్కా పట్టుకుని, కానిస్టేబుల్ వచ్చేదాకా వదల్లేదు.

నా పిహెచ్.డి. పాత స్త్రీల పత్రికల మీద. 'హిందూ సుందరి', 'గృహలక్ష్మి' లాంటి పత్రికల బైండు పుస్తకాల ముందు కూర్చుని, పేరు లేకుండానో పొడి అక్షరాలతోనో రాసిన స్త్రీలెవరా అని వెతుక్కుంటూ ఆరేళ్లు గడిపాను. పేరు చెప్పుకోలేకపోవడం గురించి ఒక అధ్యాయమే రాశాను. తీరా నా వంతు వచ్చేసరికి, 'మీ పేరు బయటికి రాదు' అన్న మాట ఎంత హాయిగా వినిపించిందో!

మీరు రావక్కర్లేదని చెప్పినా వాయిదా రోజున కోర్టుకి వెళ్లాను. మా వీధిలో దాన్ని మున్సిపల్ కోర్టనే అంటారు. నిజానికది స్పెషల్ మెజిస్ట్రేటు కోర్టు. ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారినో, రిటైరైనవారినో హైకోర్టు ఒక్కో విడతకి ఏడాదికి మించకుండా ఇలాంటి చోట నియమించవచ్చు. రెండో తరగతి మెజిస్ట్రేటుకి వేయగల శిక్ష ఏడాది జైలు వరకే. జుర్మానా పరిమితి అంతకు ముందు 5,000 రూపాయలు, 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త సంహితలో 10,000. అధికార పరిధి అంటే ఇదీ అని పుస్తకంలో చదువుకోవచ్చు. అక్కడ బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాక నాకు అర్థమైంది వేరు. ఏ కేసు చిన్నదో, ఏది పెద్దదో ఈ గదిలో తేలదు. స్టేషన్లో రైటరు ఏ సెక్షన్ రాస్తాడో అక్కడే తేలిపోతుంది. ఇక్కడికొచ్చేది అప్పటికే చిన్నదై వస్తుంది.

పేర్లు గుంపుగా పిలిచారు. రోడ్డు మీద తాగి గొడవ చేసినవాళ్లు, కాలవలో చెత్త పోసిన హోటలాయన, లైసెన్సు లేని కొట్టు, పేకాట. "తప్పు ఒప్పుకుంటున్నావా?" "ఒప్పుకుంటున్నానండి." ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టలేదు. మెజిస్ట్రేటుగారు పెద్దాయన, ఎవరినీ కసరలేదు. నాకు ఆయన మీద ఫిర్యాదేమీ లేదు.

వాడి పేరొచ్చింది. 'బస్టాపు వద్ద పబ్లిక్ న్యూసెన్స్' అని చదివారు. అంతే. మూడు సాయంత్రాలు, ఆ మాటలు, నా భుజం, ఏదీ లేదు. నా పేరు బయటికి రాలేదు, నిజమే. లోపలికి కూడా రాలేదు. కాగితం ప్రకారం వాడు ఇబ్బంది పెట్టింది పబ్లిక్‌ని. 500 జుర్మానా. ఒక్క నోటు తీసి కట్టేసి, బయట చెప్పులేసుకుంటూ నావైపు చూశాడు. ఆ చూపు గురించి రాయను.

వాడి తర్వాత నాలుగో పేరో ఐదో పేరో, ఆకుకూరలావిడది! దారికి అడ్డంగా సరుకు పెట్టిందని కేసు. ఆరోజు వాడి చొక్కా పట్టుకున్న చోటే, వారం తర్వాత తనని రాసుకున్నారట. "ఒప్పుకుంటున్నావా?" "సిత్తం." 1,000 రూపాయలు.

కొంగుముడి విప్పింది. పదులు, ఇరవైలు, పది రూపాయల బిళ్లలు. "ఈ చిల్లరంతా ఎవరు లెక్కపెడతారే?" అని విసుక్కున్నాడు గుమస్తా. చిల్లర కేసు, చిల్లర వేషాలు, చిల్లర మనిషి, చిల్లర డబ్బులు. మన భాషలో ఇన్నింటికీ ఒక్కటే మాట. భుజం రాసుకుంటూ పోతే 'చిల్లర వేషాలు', చట్టంలోకొస్తే చిల్లర కేసు. ఆ మాట ఎవరి మీద పడితే వాళ్ల బాధ కూడా తూకానికి రాకుండా పోతుంది.

రెండొందలు తక్కువయ్యాయి. ఇవ్వబోతే, "అప్పుగా అయితేనే" అంది. మెట్లు దిగుతూ అడిగింది: "వోడికి ఐదొందలు, నాకు వెయ్యీనా టీచరమ్మా? వోడికంటే నేనేం ఎక్కువ చేశాను?"

నా దగ్గర జవాబుంది, అదే దరిద్రం. ఇంటికొచ్చి చూశాను. 1860 నాటి శిక్షాస్మృతిలో ఈ రెండు నేరాలకీ గరిష్ఠ జుర్మానా సమానమే. పబ్లిక్ న్యూసెన్స్‌కి 290 సెక్షన్ కింద 200, దారికి అడ్డం పెడితే 283 కింద 200. నూట అరవై ఏళ్లకు పైగా అలాగే ఉంది. కొత్త న్యాయ సంహితలో న్యూసెన్స్‌కి 1,000 చేశారు, దారికి అడ్డం పెడితే 5,000. ఒకటి ఐదింతలు, ఇంకోటి పాతికింతలు. కొత్త చట్టం మొదలైన రోజునే ఢిల్లీలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక వీధి వ్యాపారి మీద ఈ 285 సెక్షన్ కిందే కేసు రాశారు. తర్వాత దాన్ని సమీక్షించి తీసేశామని హోంమంత్రి చెప్పారు. మా ఊళ్లో అలా తీసేసేవాళ్లెవరూ లేరు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్టిఫికెట్ షరతులకు లోబడి అమ్ముకునేవాళ్లని పోలీసులు కూడా ఆపకూడదు. "కార్డుందా?" అని అడిగాను. ట్రంకుపెట్టెలో ఉందంది. మరి తప్పెందుకు ఒప్పుకున్నావంటే, "కాదంటే ఇంకో రోజు రమ్మంటారు. ఆరోజు బేరం నువ్విస్తావా?" అంది. తప్పు ఒప్పుకున్నాక అప్పీలుకి వెళ్లినా శిక్ష గురించే అడగాలి, తప్పు చెయ్యలేదని కాదు. ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు.

నా కేసు సంగతీ అంతే. 2013లో 354ఎ గా వచ్చి, ఇప్పుడు 75గా ఉన్న సెక్షన్లో, ఇష్టంలేని లైంగిక స్పర్శకి మూడేళ్ల దాకా, అలాంటి మాటలకి ఏడాది దాకా జైలుంది. పోరాడి తెచ్చుకున్న సెక్షన్. లాయరు స్నేహితురాలికి ఫోన్ చేశాను. "అదే సంఘటనకి ఒకసారి శిక్ష పడిపోయిందిగా, మళ్లీ కదపడం చాలా కష్టం. ముందే నన్నడక్కపోయావా?" అంది. నా 'సరే' ఖరీదు నాకు తెలియకుండానే ఆ కాగితం మీద 500గా రాశారు.

అలాగని పెట్టీ కేసు వద్దే వద్దని నా విద్యార్థినులకి చెప్పగలనా? షీ టీమ్స్ 2014లో హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచీ ఎంతోమంది అమ్మాయిలకి అందుబాటులోకొచ్చింది ఆ కాస్త దారే. ఎఫ్.ఐ.ఆర్. అంటే చదువు మాన్పించి పెళ్లి చేసే ఇళ్ల నుంచి వస్తారు వాళ్లు. ఒకమ్మాయి నాతోనే అంది: "వాడు ఒక్కసారి కోర్టు మెట్లెక్కాడు, నాకదే చాలు మేడమ్." చాలదు అనడానికి నేనెవర్ని? ఆ మాట ఆ అమ్మాయే ఎంచుకుని అంది. నాకు మాత్రం ఎంచుకోవడానికి రెండు దారులున్నాయని స్టేషన్లో చెప్పలేదు. ఒకటి ఇబ్బంది, ఒకటి సుఖం అన్నట్టు చెప్పారు. రెండు సెక్షన్లు నా ముందు పెట్టి, ఏది రాస్తే ఏమవుతుందో చెప్పి ఉంటే, అప్పుడు కూడా భయపడి చిన్నదే ఎంచుకునేదాన్నేమో. కానీ ఆ భయం నాదై ఉండేది.

రెండొందల అప్పు ఆవిడ డబ్బుగా తీర్చడం లేదు. రోజూ సాయంత్రం తోటకూరో, గోంగూరో ఒక కట్ట సంచిలో పడేస్తుంది. "ఇంకా ఎంతుంది?" అని లెక్క అడుగుతుంది. పట్టా రెండడుగులు వెనక్కి, కాలవ మీదికి జరిపింది.

మొన్న సాయంత్రం వాడు రోడ్డుకి అవతలి స్టాపులో కనిపించాడు. ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు, పక్కన ఎవరో అమ్మాయి. ఆవిడ నాకంటే ముందే చూసింది. "నా సరుకు చూస్తా ఉండు టీచరమ్మా" అని కొంగు బిగించి లేచింది. నేను వద్దని ఆవిడని కూర్చోబెట్టి, రోడ్డు దాటాను.