ఉట్నూరు వ్యోమయాత్ర

అంతరిక్షంలోకి వెళ్ళి వచ్చినవారిని గురించి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. ఒకప్పుడు నేనూ వెళ్ళి వచ్చినవాణ్ణే. అయితే నా ప్రయాణం శ్రీహరికోటనుంచి కాదు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఒక పెంకుటింటి ముందుగదినుంచి. సంవత్సరం 1998. వాహనం ఒక చిన్న నలుపు తెలుపు టెలివిజన్ పెట్టె. ప్రయాణికులం ఎనిమిది తొమ్మిదిమందిమి. టిక్కెట్టు లేదుగాని, చెప్పులు మాత్రం గుమ్మం బయటే విడవాలని మా అమ్మగారి శాసనం.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. కరీంనగరు వైపునుంచి ఆయనకు ఉట్నూరు బదిలీ అయిందనగానే, మా చుట్టాలందరూ ఏదో శిక్ష పడ్డట్టు పరామర్శకు వచ్చి వెళ్ళారు. నాకు మాత్రం ఆ ఊళ్ళో గడిచిన రెండేళ్ళూ పండగే. ఆ పండగకు పెద్ద కారణం ‘కెప్టెన్ వ్యోమ్’.

ఇది దూరదర్శన్‌లో వచ్చిన హిందీ ధారావాహిక. 1987లో వచ్చిన ‘మిర్చ్ మసాలా’ చిత్రాన్ని తీసిన కేతన్ మెహతాయే దీనికి దర్శకుడు. మిలింద్ సోమన్ కథానాయకుడు. కథాకాలం ఇరవైరెండో శతాబ్దం. అంతరిక్షంలో ఉన్న ఒక చెరసాలనుంచి కరడుగట్టిన నేరస్థులు తప్పించుకొని పోతారు. వారిని ఒక్కొక్కరినే వెతికి పట్టుకోవడం వ్యోమ్ పని. వ్యోమమంటే ఆకాశమని మా నాన్నగారు చెప్పిన రోజున, మా వీరుడికి సంస్కృతం కూడా వచ్చు కాబోలునని నేను మరింత పొంగిపోయాను.

ఇన్నేళ్ళ తరువాత ఈ సంగతి ఎందుకు కదిలిందంటే, మా అమ్మాయివల్ల. దానికిప్పుడు పన్నెండేళ్ళు. పాత ధారావాహికలన్నీ ఈ రోజుల్లో చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి గదా! ఒక రాత్రి భోజనాలయ్యాక, “మీ నాన్న చిన్నప్పటి వీరుణ్ణి చూపిస్తాను, రా” అని గర్వంగా పిలిచాను. మా ఆవిడ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

పది నిమిషాలు గడిచేసరికి తల్లీకూతుళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాకూ లోపల నవ్వు వస్తూనే ఉంది. ఆ నౌకలు నౌకల్లా లేవు. ఆ పేలుళ్ళు దీపావళి మతాబుల్లా ఉన్నాయి. విలన్లు మాట్లాడేటప్పుడు సురభి నాటకంలో పాత్రధారులైనా కొంత నెమ్మదిగా మాట్లాడతారనిపించింది. పైగా, వ్యోమ్ లోకాన్ని రంగుల్లో చూడటం నాకు అదే మొదటిసారి. మా నలుపు తెలుపు పెట్టె ఎన్ని లోపాలను దయతో దాచిందో అప్పుడు తెలిసింది.

“నాన్నా, దీన్ని చూసి నువ్వు భయపడేవాడివా?” అంది అమ్మాయి.

నేను వెంటనే వకాల్తా పుచ్చుకున్నాను. బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ 1963లో మొదలైంది. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’, జపానులో ‘అల్ట్రామన్’ 1966లో మొదలయ్యాయి. వాటి గ్రహాలూ, భూతాలూ కూడా అట్టా రబ్బరూ కలిపి చేసినవే. అయినా తాతలు మనవల్ని పక్కన కూర్చోబెట్టుకొని నేటికీ చూస్తున్నారు. అంతెందుకు? తోలుబొమ్మలాటలో రావణుడి పది తలలూ తోలేనని తెలియకనా, మనవాళ్ళు తెల్లవార్లూ కూర్చున్నది?

“సరేగాని, అసలు కథ ముందుంది, ఉండు” అన్నాను. నా మనసులో ఒక ఘట్టం చెక్కుచెదరకుండా ఉంది. ఒక గుహ. దాని నోటికి కొండంత బండ. లోపల ఎందరో బందీలు. వ్యోమ్ ఒంటరిగా వచ్చి, ఉపాయంతో ఆ బండను కదిలిస్తాడు. వెలుగులోకి వచ్చినవారికి ఎటు పోవాలో తెలియదు. అప్పుడు వారిని నాలుగు, అయిదు, ఆరు, ఏడుగా జట్లు కట్టి, ఎవరి దారి వారికి చూపిస్తాడు. నా చిన్నతనంలో నేను చూసిన వాటిలో ఇంత గొప్ప దృశ్యం మరొకటి లేదు.

వారం రోజులపాటు దొరికిన భాగాలన్నీ చూశాం. గుహ రాలేదు. బండ రాలేదు.

“నువ్వే కల్పించి ఉంటావు” అని అమ్మాయి తీర్పు చెప్పి నిద్రకు పోయింది. నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం ఉంది. ఎనిమిదో తరగతిలో వ్యాసరచన పోటీ పెడితే, ఆ గుహ ఘట్టాన్నే ‘నేను చూసిన వింత’ అని రాశాను. మొదటి బహుమతి వచ్చింది. ఆ కాగితాన్ని మా నాన్నగారు ఎందరికి చదివి వినిపించారో! నేను తెలుగు ఎమ్మే చదవడానికీ, ఇవాళ కళాశాలలో తెలుగు చెప్పుకుని బతకడానికీ మొదటి మెట్టు అదే. ఆ మెట్టు కింద రాయి లేదంటే ఎలా?

పుష్యమాసం వచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతర చూడాలని మా ఆవిడ ఏనాటినుంచో అంటోంది. “ఉట్నూరుమీదుగా పోదాం” అన్నాను.

కరీంనగరులో పొద్దున్నే బయలుదేరి, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెనమీద గోదావరికి నమస్కరించుకొని, లక్సెట్టిపేట, జన్నారం చేరాం. జన్నారం దగ్గరి హస్తినమడుగునుంచే మెస్రం వంశంవారు నాగోబా అభిషేకానికి గోదావరి జలం తీసుకొని వెళతారు. తెల్లని బట్టలు కట్టుకొని, చెప్పుల్లేకుండా, రోజుల తరబడి నడిచి వెళతారు. కారులో కూర్చుని వేరుశెనక్కాయలు వలుచుకుంటున్న మాకు ఆ సంగతి తలచుకొంటేనే కాస్త సిగ్గేసింది. అక్కడినుంచి కవ్వాల అడవి. 2012లో దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. మాకు పులి కనపడలేదు. రోడ్డుకు రెండు వైపులా టేకుచెట్లు మాత్రం, ఆకులు రాలి, హాజరు పిలుస్తుంటే నిలబడ్డ పిల్లల్లా వరసగా ఉన్నాయి.

ఉట్నూరు పెరిగింది. గోండు రాజుల నాటి కోట ఉంది. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉంది. మా పెంకుటిల్లు మాత్రం లేదు. అక్కడ ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నా వ్యోమయానం బయలుదేరిన చోటు అదేనని చెబితే, దుకాణం కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, “ఏ కంపెనీ ఫోను సార్?” అన్నాడు.

ఆ రోజుల్లో మా ముందుగదిలో కూర్చునేవారిలో ఒక పర్ధాన్ కుర్రవాడుండేవాడు. నా తరగతివాడే. పర్ధానులంటే గోండుల వంశచరిత్రనూ దేవతల కథలనూ తరతరాలుగా నోట నిలిపి చెప్పే కథకులు. మూడు తంతుల కిక్రి వారి వాద్యం. కమానుతో వాయిస్తారు. ఏ గోండు వంశానికి ఏ పర్ధాన్ కుటుంబం కథ చెప్పాలో వారికి ఏర్పాటుంది. కథ విన్న ఇంటివారు ధాన్యమో, బట్టలో, పశువో ఇచ్చి గౌరవిస్తారు. ఇవన్నీ నాకు ఎమ్మే చదివాక తెలిసినవి. అప్పుడు తెలిసిందల్లా, వాడికి గోండీ, మరాఠీ, హిందీ, తెలుగు నాలుగూ వచ్చునని. నాకు హిందీ సరిగా రాదని. వ్యోమ్ ఏమంటున్నాడో మాకు తెలుగులో చెప్పేవాడు వాడే. కరెంటు పోయిన రోజున మిగిలిన కథ కూడా వాడే చెప్పేవాడు. కరెంటు తరచుగా పోయేది.

వాడిప్పుడు దగ్గర్లోని ఒక గూడెంలో ఉంటున్నాడనీ, ఉపాధ్యాయుడనీ తెలుసుకొని వెళ్ళాం. “రండి సార్, కూర్చోండి” అని మంచం వాల్చాడు. ఆ ‘సార్’ నాకు ముల్లులా గుచ్చుకుంది. గోడకు ఒక కిక్రి గుడ్డ చుట్టి వేలాడదీసి ఉంది. చనిపోయిన వాళ్ళ నాన్నదట.

టీ తాగుతూ గుహ సంగతి అడిగాను. వాడు ముందు నవ్వాడు. తరువాత ‘సార్’ అనడం మరిచిపోయాడు.

“కరెంటు పోతే మీరంత లేచి పోతుంటిరి. మీ అమ్మ తలుపేస్తుండె. ఏం చెయ్యాలె? మా బాపు చెప్పే లింగాల్ కథ తీసి వ్యోమ్‌కు పెట్టిన. అందరు మల్ల కూసున్నరు.”

నేను ఒక్క క్షణం మాట్లాడలేకపోయాను. గోండుల పురాణంలో వారి దేవతలు గుహలో బందీలవుతారు. పహండీ కుపార్ లింగాల్ వారిని విడిపిస్తాడు. నాలుగు దేవతలవారు, అయిదు దేవతలవారు, ఆరు, ఏడు దేవతలవారు అంటూ గోండులు నేటికీ తమ శాఖలను లెక్కపెట్టుకోవడం ఆ కథతో ముడిపడినదే. ఈ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసిన హైమన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథంలో ఈ పురాణాలను రాసిపెట్టాడు. ఆ పుస్తకం నా బీరువాలోనే ఉంది. పుటలు తిరగేశానేగాని, నా గుహ అందులో ఉందని ఏనాడూ తట్టలేదు.

టెలివిజన్ కథలో, చెర తప్పించుకున్నవారిని మళ్ళీ లోపల వేయడం వీరుడి పని. పర్ధానుల కథలో, లోపల ఉన్నవారిని వెలుగులోకి తేవడం వీరుడి పని. పదమూడేళ్ళ పిల్లవాడు చీకటి గదిలో కూర్చుని, ఒక్క మాట తడబడకుండా, మొదటి కథను రెండోదానిలోకి తిప్పేశాడు. నాకు తెలిసిన కథకుల్లో అంతటి పని చేసినవారు ఎందరున్నారు?

“అయితే, ఆ వ్యాసం...” అన్నాను.

“ఎరికే. నువ్వు చదివినప్పుడు నేను ముందు వరుసల్నే ఉన్న. చప్పట్లు గూడ కొట్టిన.”

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్తా? టీవీ మీది.” కాస్త ఆగి, ఈసారి నవ్వకుండా అన్నాడు: “బహుమతికి నాకు బాధ లేకుండె. ఆటల బాధైతుండె. వ్యోమ్ ఆట ఆడితే నువ్వు ఎప్పుడూ వ్యోమ్‌వే. నేను ఎప్పుడూ పారిపోయిన దొంగనే. కథ నాది గదా, ఒక్క రోజన్న నన్ను చేస్తరనుకున్న.”

మా ఆవిడ నావైపు చూసింది. నిజమే. పెట్టె మా ఇంటిది కాబట్టి వీరుణ్ణి నేనే. దొంగ ఎవరని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. అది ఆట అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. “తప్పు నాది” అన్నాను. ఇంతకంటె మంచి తెలుగు వాక్యం నాకు అప్పుడు దొరకలేదు. మరుసటి వారం తరగతిలో, నా మొదటి రచన నాది కాదనీ, అది ఎవరిదో పేరు పెట్టి చెబుతాననీ మాట ఇచ్చాను. చెప్పాను కూడా.

“పర్ధాన్ కథ చెబితే ఇంటివారు ఏదైనా ఇస్తారటగా? నా బాకీ ఎంతైంది?” అని అడిగాను.

వాడు గోడమీది కిక్రిని దించి గుడ్డ విప్పాడు. మూడింటిలో ఒక్క తంతే మిగిలింది. “దీన్ని బాగు చేయించు. వడ్డీ అడుగ” అన్నాడు.

ఈలోగా మా అమ్మాయి మంచంమీదనుంచి దిగి, వాడి ఎదుట నేలమీద చతికిలబడింది. “కాకా, ఆ బండ ఎట్లా కదిలింది?” అంది. ఫోను దాని చేతిలో లేదు. వాడు ఆ ఒక్క తంతుమీదే కమాను ఆనించి, గొంతు సవరించుకొన్నాడు. మొదట గోండీలో ఒక మాట, వెంట తెలుగులో దాని అర్థం. సరిగ్గా ఆనాటి పద్ధతే! అమ్మాయి నోరు తెరుచుకొని వింటోంది. వ్యోమ్‌ను చూసి నవ్విన పిల్ల ఇదేనా అనిపించింది.

లింగాల్ గుహముందుకు వచ్చేసరికి పొద్దు వాలింది. చీకటి పడకముందే కేస్లాపూర్ చేరాలని డ్రైవరు హారను మోగించాడు. అమ్మాయి కదలనంది. “తక్కిన కథ మల్లొచ్చినప్పుడు” అన్నాడు వాడు. కిక్రిని మళ్ళీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

అది ఇప్పుడు మా ముందుగదిలో, టెలివిజన్ పక్కనే ఉంది. తంతులు కట్టేవారికోసం వాకబు చేస్తున్నాను. అవి వేయించి పట్టుకువెళ్ళేదాకా మా ఇంట్లో కథ సశేషమే.