నాలుగు గంటల దూరం

హైదరాబాద్ నుంచి దుబాయికి విమానంలో సుమారు 2,550 కిలోమీటర్లు. ప్రయాణం దాదాపు 4 గంటలు. మా ముప్కాల్ నుంచి రోడ్డు మీద శంషాబాద్ చేరడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. అందుకే వెళ్ళేటప్పుడు, బయల్దేరిన వేళకీ దిగిన వేళకీ మధ్య రెండున్నర గంటలే కనిపిస్తాయి. తిరిగొచ్చేటప్పుడు ఐదున్నర.

ఈ లెక్కలన్నీ ప్రయాణించేవాళ్ళవి. ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళ దూరాన్ని ఏ టికెట్టూ చూపదు. మా వదిన దాన్ని బీడీల్లో కొలుస్తుంది. వీసా కోసం చేసిన అప్పుకి అన్న జీతం పోతుంటే, వెయ్యి బీడీలకింత అని వచ్చే ఆమె కూలితోనే రెండేళ్ళు ఇల్లు గడిచింది. "విమానంల నాలుగు గంటలేనట గదా వదినా" అంటే, తునికాకు కత్తిరిస్తూనే, "గంటలు మీ అన్నకు. నాకైతే రెండేండ్లు" అంది.

గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుని వలస ఆదాయమని లెక్కగడతాం. ఆ డబ్బు చేతికందేదాకా ఇంటిని నిలబెట్టిన బీడీల పనిని మాత్రం 'తీరిక వేళల్లో చేసుకునే పని' అంటాం. వలస గురించి రాసే మనం ఆ రెండేళ్ళనీ ప్రయాణకాలంలో కలిపి రాయాలి.