వాషింగ్ మెషీన్ల ఊళ్ళో అమ్మమ్మలు

చైనా అనగానే మనకు బీజింగ్, షాంఘై తప్ప ఇంకో ఊరు గుర్తుకు రాదు. 2025 మార్చిలో మా విడిభాగాల వ్యాపారం పనిమీద నేను వెళ్ళింది హెఫే అనే ఊరికి. ఆన్హుయ్ రాష్ట్రానికి రాజధాని. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీల తయారీకి చైనాలో పేరుమోసిన ఊళ్ళలో ఇదొకటి. ఆ లెక్కన మనబోటి ఇల్లాళ్ళకు దీంతో చుట్టరికం ఉన్నట్టే!

ఒకప్పుడు ఈ ఊరికి పెద్దగా పేరు లేదట. 1970లో బీజింగ్‌లోని సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడికి తరలించారు. అప్పట్నుంచి ఊరికి చదువు పట్టుకుంది. ఊరి పక్కన నీళ్ళ మధ్య ‘సైన్స్ దీవి’ ఉంది. సూర్యుడిలో జరిగే పనిని అక్కడ యంత్రంలో చేయించాలని చూస్తున్నారు. 2025 జనవరిలో పది కోట్ల డిగ్రీలు దాటిన వేడిని 1,066 సెకన్లు నిలబెట్టారు. అంటే మన కుక్కర్లో పప్పు ఉడికేంత సేపు!

డబ్బు విషయంలో వీళ్ళ తెగువ చూస్తే మాత్రం నాకు గుండె దడ పుట్టింది. 2008లో మెట్రో రైలు పనులు వాయిదా వేసి, ఆ డబ్బు టీవీ తెరలు తయారుచేసే బీఓఈ ఫ్యాక్టరీలో పెట్టారు. గాజులకని దాచుకున్న డబ్బు పెట్టి ఇంటాయన గేదెను కొనుక్కొచ్చినట్టు! గేదె బాగానే పాలిచ్చింది లెండి. మెట్రో మాత్రం 2016 డిసెంబరుకి గానీ రాలేదు. మునిగిపోయేలా ఉన్న నియో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీని కూడా 2020లో ఇలాగే ఆదుకున్నారు. 2010లో 57 లక్షలున్న జనాభా 2020కి 93 లక్షలు దాటింది. మధ్యలో చావోహు ప్రాంతాన్ని కలుపుకున్నారనుకోండి, అయినా తక్కువేం కాదు.

తిండికి కాస్త ఇబ్బందే. మాంసం వద్దంటే ముక్కలు ఏరేసి అదే కూర తెచ్చి పెట్టారు. టీ మాత్రం చెప్పొద్దూ, అమృతం. గాజు గ్లాసులో ఆకులు వేసి వేడినీళ్ళు పోస్తారు. పాలూ పంచదారా ఉండవు.

మాకు దుబాసీగా వచ్చిన అమ్మాయికి ముప్పై రెండేళ్ళుంటాయి. నన్ను ‘ఆయీ’ అని పిలిచేది. వాళ్ళ భాషలో పిన్ని అని అర్థం. పనిమనిషినీ అలాగే పిలుస్తారట. ఆ మాట చెప్పి తనే నవ్వేసింది. “మా అమ్మ బీజింగ్‌లో ఆయీగా చేసింది పిన్నీ” అంది.

ఆన్హుయ్ అంటే పనిమనుషులని 1980లు, 90లలో బీజింగ్‌లో పేరు. వూవెయ్ ప్రాంతం నుంచి ఎందరో ఆడవాళ్ళు పిల్లల్ని ఇళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళారు. ఈ పిల్లను మూడేళ్ళప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలి తల్లి వెళ్ళిపోయిందట. ఏడాదికోసారి, కొత్త సంవత్సరం పండక్కి వచ్చేదట. “ఒకసారి గుర్తుపట్టక అమ్మమ్మ వెనక దాక్కున్నాను” అంది. నాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు ఆ తల్లి హెఫేలో కూతురింట్లోనే ఉంది. కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. నాలుగేళ్ళ మనవడు అమ్మమ్మ చేతిలోనే పెరుగుతున్నాడు. ఆ ఇల్లనే కాదు, సాయంత్రం బళ్ళ గేట్ల దగ్గర చూస్తే అన్నీ నెరిసిన తలలే. పగలల్లా ఫ్యాక్టరీలో మరచేతులు చకచకా పనిచెయ్యడం చూసి నోరెళ్ళబెట్టిన దాన్ని, అక్కడ మాత్రం చాలాసేపు నిలబడిపోయాను.

ఆదివారం టీకి పిలిచారు. వంటింటి పక్కన కొత్త వాషింగ్ మెషీన్, ఆ ఊళ్ళోనే తయారైంది. ఆవిడ మాత్రం టబ్బు ముందు పీటేసుకుని పిల్లాడి చొక్కాలు చేత్తో ఉతుకుతోంది. మెషీన్ ఉందిగా అని అడిగించాను. ఆవిడ తలెత్తకుండానే ఏదో అంది. కూతురు కాసేపాగి చెప్పింది.

“పద్నాలుగేళ్ళు ఎవరెవరి పిల్లల బట్టలో ఉతికిందట. వీడివి మెషీన్‌కి ఇవ్వదట.”