దబ్బ ఎంత మందం?

మా అక్క అలిపిరిలో, మెట్లదారి మొదలయ్యే చోటికి కాస్త ఇవతల, వెదురు బుట్టలు, చేటలు అమ్ముతుంది. మేనకోడలు ఇంటర్ పాసైన రోజు అక్కడికే వచ్చి, "మామా, నేను బిజినెస్ డిగ్రీ చదువుతా" అంది. అక్క తలెత్తకుండా దబ్బలు చీరుతూనే, "యాపారానికి చదువెందుకే? నేను యాడ చదివినా?" అంది.

చదవడమా వద్దా అన్నది ఒక్క సాయంత్రంలో తేలింది. ఎక్కడ అన్నదానికే రెండు నెలలు పట్టింది.

ముందుగా ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేశారు, రంగుల పుస్తకం పంపారు. ఈ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఉద్యోగాల గురించే చెప్పారు. ఆ పుస్తకం అక్కకు పొయ్యి అంటించడానికి పనికొచ్చింది.

నా మనసు మాత్రం తిరుపతిలోనే ఉంది. టీటీడీ వారి శ్రీ పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీ 1952 నుంచి నడుస్తోంది. అక్కడ చదివితే డిగ్రీ మీద పేరు 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానిది. 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వేరు. రెండింటికీ అమ్మవారి పేరే కాబట్టి మా పిల్ల కూడా మొదట తికమకపడింది. చదివించే కాలేజీ వేరు, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ వేరు కావచ్చని ఇంటర్‌లోనే మన పిల్లలకు చెప్పాలి. బి.బి.ఏ. కోర్సులు 2024-25 నుంచి ఏఐసీటీఈ కిందికి వచ్చాయి. ఆ అనుమతి కాలేజీకి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఆమె మాత్రం విజయనగరం అంది. 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం అక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పాత పీజీ ప్రాంగణంలో మొదలైంది. పర్యాటక నిర్వహణ చదవొచ్చని తెలుసుకుని వచ్చింది. పేరులో గిరిజన అని ఉన్నంత మాత్రాన సీట్లన్నీ మనవి కావని చెప్పాను. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం, మన రాష్ట్ర కాలేజీల్లో 6 శాతం. ఉమ్మడి ప్రవేశ పరీక్ష తెలుగులో రాయొచ్చు గానీ, క్లాసులో ఇంగ్లీషే అన్నాను. రాత్రంతా రైలు, మర్నాడు సగం పొద్దు కూడా ప్రయాణమే అన్నాను.

అంతా విని, "మామా, ఇవన్నీ నా భయాలా, నీ భయాలా?" అంది.

జవాబు చెప్పలేకపోయాను. నేను ఇంటర్ తర్వాత బి.కాం. అనుకుని, ఉద్యోగం తొందరగా వస్తుందని టీచర్ ట్రైనింగులో చేరినవాణ్ణి. తప్పు చేశానని అనను, ఆ జీతంతోనే మా ఇల్లు నిలబడింది. కానీ ఆ జాగ్రత్తనే ఆమెకూ అంటగడుతున్నానని ఆ రాత్రి అర్థమైంది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఎస్టీ జాబితాలో ఎరుకల పక్కనే ఉప్పు ఎరుకల అనే పేరుంది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు తెచ్చి, ధాన్యానికి మార్చిన వాళ్లు మనవాళ్లు. రైళ్లొచ్చి, తెల్లవాళ్ల ఉప్పు చట్టాలొచ్చి ఆ బేరం పోయింది. తిరుగుతూ బతికేవాళ్ల మీద అనుమానం మిగిలింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. మనల్నీ ఆ పట్టీలో రాశారు. 1952లో అది రద్దయింది. వ్యాపారం మనకు కొత్త అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. టీచరునై ఉండి నేనూ ఒక్క క్లాసులో చెప్పలేదు.

అక్కకు చెబితే, "మా నాయన ఉప్పు మోసినోడే గదా, చట్టం సంగతి మాత్రం నాకు తెల్దు" అంది. ఆ తర్వాత అంత దూరం యాడికి పంపేదని అడగలేదు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం తీసి సంచిలో పెట్టింది.

దసరా సెలవులకు ముందు పిల్ల ఫోన్ చేసింది. విజయనగరం సంతలో చేటల ధర చెప్పింది, మా ధర కంటే ఎక్కువే. అక్క ఫోను నా చేతిలోంచి లాక్కుని అడిగింది: "దబ్బ ఎంత మందం ఉందే?"