పెట్రోమాక్స్ మాంటిల్

నాన్నగారు బేగంబజార్‌లో కొన్న పెట్రోమాక్స్ మాంటిళ్ళు కొన్ని ఇంకా పెట్టెలో ఉన్నాయి. వాటిలో థోరియం ఉంటుందనీ, అది రేడియోధార్మికమనీ చదివి, పారవేయమంటోంది మా అమ్మాయి.

థోరియం-232 అర్ధాయువు సుమారు 1,405 కోట్ల ఏళ్ళు; విశ్వం వయస్సునే మించినది. అంతకాలం ఎవరు కూర్చుని చూశారండీ? చూడలేదు, లెక్కపెట్టారు. శుద్ధమైన గ్రాము థోరియంలో దాదాపు 2.6 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు. సెకనుకు విచ్ఛిన్నమయ్యేవి సుమారు 4,060. మొదటి సంఖ్యను 0.693తో గుణించి రెండవదానితో భాగిస్తే అర్ధాయువు సెకన్లలో తేలుతుంది. (బేగంబజార్ సేఠ్‌లకు కూడా కొరుకుడుపడని లెక్కే!)

ఇంత నిదానం గనుకనే దాని ధార్మికత స్వల్పం. ఆల్ఫా కణాలను కాగితం సైతం ఆపుతుంది. కాలిన మాంటిల్ ధూళిని పీల్చడమే అసలు ముప్పు.

కవర్లపై ధర నాన్నగారి చేతివ్రాతలో ఉంది. అమ్మ పారవేయనివ్వదు. విప్పకుండానే గాజుసీసాలో పెట్టి మూత బిగించాను.