చివర్న వచ్చిన జట్టు

ఒక ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు తిరుపతిలో అలిపిరి దగ్గర మేం ఆరుగురం నిలబడినాం. యాడి, బాపు, అన్న, వదిన, అన్న కూతురు, నేను. తలకు దెబ్బ తగిలి బతికి బయటపడినవాళ్ల కోసం ఆ రోజు ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టినారు. కపిలతీర్థం దిక్కు పోయి మళ్లీ అలిపిరికే రావాలి. పరిగెత్తలేనివాళ్లు నడవొచ్చు. మనం కట్టే రుసుము పేద రోగుల వైద్యానికి పోతుంది. దరఖాస్తులో జట్టు పేరు అడిగితే, ఎనిమిదో తరగతి చదివే అన్న కూతురు ‘తాండా టీమ్’ అని రాసింది. వాళ్లిచ్చిన టీషర్టును యాడి తన కాంచళి మీదనే తొడుక్కునింది. కింద ఎప్పుడూ కట్టే పేటియానే. చుట్టూ ఉన్నోళ్లు చూస్తుంటే నాకు కొంచెం సిగ్గయింది. ఆ సిగ్గు గురించి కూడా ఇక్కడ చెప్పాలి.

మా తాండా భాకరాపేట అవతల, పీలేరు దిక్కున ఉంది. ఆరేండ్ల కిందట నా బీఈడీ సీటు కోసం తిరుపతికి పోయినాను. తీరా పోయినాక చూసుకుంటే కుల ధ్రువీకరణ పత్రం ఇంట్లోనే మరిచిపోయినాను. రేపు పొద్దున పదింటికల్లా అది లేకుంటే సీటు పోతుందని అన్నకు ఫోన్ చేసినాను. అన్న అప్పుడే పని నుంచి వచ్చినాడు. అన్నం కూడా తినకుండా, కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకొని బండెక్కినాడు. హెల్మెట్ గోడకు మేకు మీదనే ఉండిపోయింది. భాకరాపేట ఘాటు మలుపులో బండి జారింది. దోవన పోయేవాళ్లెవరో 108కు ఫోన్ చేసినారు. వాళ్లెవరో మాకు ఈ రోజుకూ తెలీదు.

ఆసుపత్రిలో అన్న చొక్కా లోపల నుంచి ఆ కాగితం తీసి నా చేతికిచ్చినారు. దాని మడత కూడా చెదరలేదు. దాంతోనే నాకు సీటొచ్చింది.

అన్నకు ‘ఏడు’ అని రాసినారు డాక్టర్లు. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలుసుకున్నాను. దాన్ని గ్లాస్గో కోమా స్కేల్ అంటారు. 1974 నుంచి వాడుకలో ఉంది. కళ్లు తెరవడానికి, మాట్లాడడానికి, కాళ్లూ చేతులూ కదపడానికి విడివిడిగా మార్కులేసి కలుపుతారు. అన్నీ సరిగా ఉంటే 15. ఏమీ లేకపోయినా 3. ఎనిమిది, అంతకంటే తక్కువొస్తే గాయం తీవ్రమైనదని అర్థం. పదహారు రోజుల తర్వాత అన్న కళ్లు తెరిచినాడు. మూడు నెలలకు నడిచినాడు. గండం గడిచిందనుకున్నాం.

అసలు కష్టం ఇంటికొచ్చినాక మొదలైంది. అన్న మేస్త్రీ. గోడ నిలువు కంటితో చూసి చెప్పేవాడు. ఇప్పుడు కొలత తీసుకొని నాలుగడుగులు వేసేలోపు మరిచిపోతాడు. చిన్న మాటకే గిన్నె విసిరేస్తాడు. కాసేపటికి ఎందుకు విసిరినాడో తెలీక ఏడుస్తాడు. డప్పుల మోత వింటే చెవులు మూసుకుంటాడు. గంట పని చేస్తే రెండు గంటలు పడుకోవాలి. మన నుదురు వెనకాల ఉండే మెదడు భాగం కోపాన్ని ఆపుతుంది, ఏ పని ముందు, ఏ పని వెనక అని వరస పెడుతుంది. దానికి దెబ్బ తగిలితే మనిషి గుణం మారినట్టుగా ఉంటుంది. చెయ్యి విరిగితే కట్టు నలుగురికీ కనిపిస్తుంది. ఈ దెబ్బకు కట్టు ఉండదు.

అందుకే ఒకరు ‘తాగినాడు’ అన్నారు, ఒకరు ‘సోమరి’ అన్నారు, ఇంకొకరు ‘గాలి సోకింది’ అన్నారు. రెండు మేకలు అమ్మి మంత్రం కూడా వేయించినాం. ఏమీ కాలేదు. వదిన పెండ్లిండ్లకు పోవడం మానేసింది. ఒక ఏడాది తీజ్ పండక్కి అన్నను ఇంట్లో పెట్టి, బయట గొళ్లెం వేసి పోయినాం. గొళ్లెం వేసింది నేనే. పండగ పాటల నడుమ అన్న తలుపు కొట్టే చప్పుడు వినిపించింది. విననట్టే ఉండిపోయినాను.

ఆ తర్వాత ఎవరో చెబితే వేలూరు పోయినాం. చిత్తూరు దాటితే దగ్గరే. అక్కడి సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే ఆమె ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని ఆమె నడక పోయింది. చక్రాల కుర్చీలో కూర్చొనే ఆపరేషన్లు చేసినారు. ఆమె కృషితో 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. అలాంటి చోటకు పోయినాకే మాకు ఒక సంగతి తెలిసింది. ప్రాణం కాపాడడం సగం వైద్యమే, మళ్లీ బతకడం నేర్పడం మిగతా సగం. అన్నకు జేబులో నోటుబుక్ పెట్టుకోవడం నేర్పినారు. ఒకసారికి ఒక పనే చెప్పమని మాకు నేర్పినారు.

ఈ పరుగు గురించి విన్నప్పుడు నాకు ఎప్పుడో చదివిన ఒక తండ్రీ కొడుకులు గుర్తుకొచ్చినారు. అమెరికాలో రిక్ హోయ్ట్ అనే అబ్బాయికి పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందలేదు. నడవలేడు, మాట్లాడలేడు. 1977లో, ప్రమాదంలో కదలిక పోయిన ఒక ఆటగాడి కోసం ఐదు మైళ్ల పరుగు పెడితే, పోదామని తండ్రిని అడిగింది రిక్కే. తండ్రి డిక్ ఆ కుర్చీని తోసుకుంటూ పరిగెత్తినాడు. దాదాపు చివర్న వచ్చినారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు. అడిగింది కొడుకే అన్న మాట నా మనసులో నిలబడింది. మేం అన్నను ఏనాడూ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగినాను. “వస్తానురా, అందరూ వస్తేనే” అన్నాడు.

పరుగు మొదలైంది. మైకులో పాటలు పెట్టినారు. అరకిలోమీటరు పోయేసరికి అన్న చెవులు మూసుకొని రోడ్డు పక్కన కూలబడినాడు. “నేను రాను పోండి” అని అరిచినాడు. అందరూ చూస్తున్నారు. వెనక్కి పోదామన్నాను నేను. మళ్లీ గొళ్లెం వెతుక్కున్నట్టే అది. యాడి ఏమీ అనలేదు. పోయి అన్న పక్కన నేల మీద కూర్చునింది. బాపు కూర్చున్నాడు. పాప దూది తెచ్చి వాళ్ల నాయన చెవుల్లో పెట్టింది. చివరికి నేనూ కూర్చున్నాను. మా ముందర నుంచి వందల మంది పోయినారు. చాలాసేపటికి అన్న లేచి, “పోదాం పదండి” అన్నాడు.

అన్న నడకే మా నడక. ఆగితే ఆగినాం. కపిలతీర్థం దగ్గర మాలాగే వెనకబడిన ఒకామె, భర్త చెయ్యి పట్టుకొని కనిపించింది. ఆమె వదినను అడిగింది: “మీ ఆయన కూడా ఊరికే కోప్పడతాడా అక్కా?” వదిన ఒక్క క్షణం ఆగి, “అవునమ్మా, మీ ఆయన కూడానా?” అనింది. అక్కడి నుంచి అలిపిరి దాకా ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. వదిన బయటి మనిషితో అంత మాట్లాడడం ఆరేండ్లలో నేను చూడలేదు. మేం చేరేసరికి పందిరి విప్పుతున్నారు. అందరికంటే చివరి జట్టు మాదే. అయినా నిలబడి చప్పట్లు కొట్టినారు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 1935లో టి.ఇ. లారెన్స్ అనే పేరున్న రచయిత మోటార్ సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయినాడు. ఆయనకు వైద్యం చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత హెల్మెట్ ప్రాణాలు ఎట్లా కాపాడుతుందో పరిశోధించి 1941లో చెప్పినాడు. హెల్మెట్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఎంత తొందరున్నా మేకు మీది హెల్మెట్ తీసుకొని పోండి. ఇంట్లోవాళ్లను తొందరపెట్టి రోడ్డు మీదకు పంపకండి. ఇది నేను నాకే చెప్పుకునే మాట.

తోటి టీచర్లకు ఇంకో మాట. నేనిప్పుడు పని చేసే బడిలో ఒక పిల్లోడు చింతచెట్టు మీద నుంచి పడి, నెల తర్వాత తిరిగొచ్చినాడు. బాగా చదివేవాడు కాస్తా తల పట్టుకొని బెంచీ మీద పడుకునేవాడు. ‘మొద్దుబారినాడు’ అన్నారు. మా అన్నను చూసి ఉండకపోతే నేనూ అదే అనేవాణ్ణి. వాణ్ణి మళ్లీ డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పినాను. ముందు వరసలో, శబ్దం తక్కువుండే చోట కూర్చోబెట్టినాను. ఒకసారికి ఒక లెక్కే ఇచ్చినాను. అలిసిపోతే పడుకోనిచ్చినాను. ఇప్పుడు నెమ్మదిగా చదువుతున్నాడు. తలకు దెబ్బ తగిలిన పిల్లలు బడికొస్తే మార్కులు చూసే ముందు ఆ దెబ్బ గురించి అడగండి.

అన్నకు ప్రమాదం జరిగిన రోజు ఏమీ గుర్తు లేదు. కానీ నెలకొకసారైనా అడుగుతాడు: “ఆ కాగితం నీకు అందిందారా?” మొదట్లో ఆ మాట వినలేక విసుక్కొని పక్కకు పోయేవాణ్ణి. ఇప్పుడు పక్కన కూర్చుంటాను. “అందిందన్నా, దాంతోనే టీచరయినాను” అని చెప్తాను. “మంచిదిరా” అంటాడు. మళ్లీ నెల అడిగితే మళ్లీ చెప్తాను.